ఆగిన సార్లు: సున్నా

9 ఏప్రిల్ 2001, సోమవారం

సికింద్రాబాద్ నుంచి కంప్యూటర్ మదర్‌బోర్డు వచ్చింది. తైవాన్ సరుకు. మరీ ఖరీదైనదీ కాదు, మరీ చవకదీ కాదు. పటాన్‌చెరులో కంప్యూటర్ కొనేవాళ్లలో నూటికి తొంభై మంది కొనే రకం. ర్యామ్‌కు మూడు స్లాట్లు ఉన్నాయి. కెపాసిటర్లను ప్రాసెసర్‌కు మరీ దగ్గరగా పెట్టారు, దాని మీద పెద్ద ఫ్యాను పట్టదు. అది తప్ప వంక పెట్టడానికి ఏమీ లేదు. డబ్బా విప్పకుండానే, సెట్టింగుల పేజీ అయిన బయాస్‌లోకి వెళ్లి బోర్డు వేగాన్ని 66, 75, 83, 100 మీద పెట్టుకోవచ్చు. వోల్టేజీ కూడా పెంచుకోవచ్చు. ఈ ధరలో ఇది అరుదు.

ప్రహ్లాద్ సేటు కౌంటర్ దగ్గర నుంచి లేచి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"రాములూ, బొల్లారం మందుల కంపెనీకి ఎనిమిది వందల యాభై మెగాహెర్ట్జ్ వేగం మిషిన్లని కొటేషన్ ఇచ్చిన. మన దగ్గరున్న ప్రాసెసర్లు ఐదు వందల అరవయ్యారే. ఈ బోర్డు మీద ఎనిమిది వందల యాభై ఉరుకుతయా?"

"ఉరుకుతయి సేటు. నిలుస్తయా అన్నది చూడాలె."

"పది రోజులు చూడు. ఆగకుంట నడిస్తే ఆరు మిషిన్లు మనయే. వాటిని అర్సుకోను ఒక మనిషిని వాళ్లు పర్మనెంటు తీస్కుంటరట. నీ పేరు చెప్పిన."

ఆరేళ్లుగా ఈ బల్ల దగ్గరే కూర్చున్నాను. కంపెనీ బస్సు రోజూ మా షాపు ముందు నుంచే వెళ్తుంది. మెడలో కార్డు ఉన్నవాళ్లు ఎక్కుతారు.

రాసి ఉన్న వేగం కంటే ఎక్కువ మీద తోలడం మోసం కాదు. బోర్డు చేసినవాళ్లే ఆ వీలు పెట్టారు.

10 ఏప్రిల్

66 మీద మొదలుపెట్టాను. లెక్కల్లో వచ్చే పై (π) విలువను పది లక్షల అంకెల దాకా లెక్కగట్టే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంది. ఆరు నిమిషాల యాభై రెండు సెకన్లు పట్టింది. కంపెనీ వాళ్ల ప్రోగ్రాం కూడా ఎక్కించి చూశాను. మందులు ఉడికించే ఆరు రియాక్టర్ల వేడిని అంకెల్లో, గీతల్లో చూపించేది. 66 మీద తెర మార్చిన ప్రతిసారీ గీత ఈడ్చుకుంటూ వస్తోంది.

75 మీద నడిచింది. 83 మీద హార్డ్ డిస్క్ చెడింది, విండోస్ మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. తప్పు నాదే. 83 దగ్గర బోర్డు డిస్క్‌ను కూడా అదుపు లేకుండా తోలుతుంది. 100 దగ్గరికి పోతే దాన్ని మళ్లీ దాని వేగం మీద పెడుతుంది. మధ్యలో ఆగకుండా పైదాకా పోవాలి.

100 మీద తెర నల్లగా ఉండిపోయింది. వోల్టేజీ 1.5 నుంచి 1.6 చేశాను, విండోస్ వచ్చి పడిపోయింది. 1.65 చేశాను. నిలిచింది.

ఈ ప్రాసెసర్ బోర్డు వేగానికి ఎనిమిదిన్నర రెట్లు నడుస్తుంది. ఎనిమిది వందల యాభై. అదే లెక్కకు నాలుగు నిమిషాల నలభై ఒక్క సెకన్లు.

రిపోర్టులు టైపు చేసే విజయకుమారిని పిలిచి చూపించాను. "మంచిగుంది రాములన్నా" అంది. ఆమెకు అర్థం కాలేదు.

11 ఏప్రిల్

పొద్దున ఎనిమిది నుంచి రెండు దాకా 100 మీద. ఆగలేదు.

13 ఏప్రిల్

బావ మూడున్నరకే డ్యూటీ నుంచి వచ్చాడు. బావ పేరు మొగులయ్య. అదే మందుల కంపెనీలో రియాక్టర్ ఆపరేటర్. నేను ఉండేది వాళ్లింట్లోనే, ముందు గదిలో.

"ఏం బామ్మర్ది, మా కంపెనీకి నీ డబ్బలొస్తున్నయట."

"డబ్బలు గాదు బావా, కంప్యూటర్లు. కుర్సీల కూసోనే రియాక్టర్ల ఎంత వేడున్నదో చూడొచ్చు. డెబ్బై దాటితే కూత వెడ్తది."

"అరవై ఐదుల ఉండాలె. డెబ్బై దాటితే ఆవిరి బంద్ చేసి సల్లనీళ్లు ఇడవాలె. ఎనభై దాటిందనుకో, ఇగ నువ్వు ఆపేది లేదు, దానంతలదే ఎక్కుతది. అందుకే పావుగంటకోసారి మెట్లెక్కి మీటరు చూసొస్తం. ఇరవై రెండు మెట్లు. నీ డబ్బకు మెట్లెక్కొస్తదా?"

"డబ్బకేమో గని, నా తమ్మునికైతే రాదు" అంది సంగమ్మ అక్క. "రెండు మెట్లెక్కితే ఆయాసపడ్తడు."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఏడో తరగతి చదివిన మనిషి. అక్క కూడా అతని పక్కనే చేరి నవ్వుతుంది.

16 ఏప్రిల్, సోమవారం

మధ్యాహ్నం విజయకుమారి వచ్చి, "అన్నా, నీ మిషిన్ల టైము తప్పున్నది" అంది.

చూశాను. తెర మీద 3:40. గోడ గడియారంలో 3:55. మెషిన్ ఆగిపోయి పావుగంట అయింది. నేను దాని ఎదురుగానే కూర్చుని ఇంకో పని చేసుకుంటున్నాను, తెలియలేదు. తెర మామూలుగానే ఉంది. అంకెలు ఉన్నాయి, గీత ఉంది. గీతకు ఐదు నిమిషాలకొక చుక్క కాబట్టి కదలకపోయినా అనుమానం రాదు. ఆగిన మెషిన్ కూత కూడా పెట్టదు.

ఆ సమయానికి స్టెబిలైజర్ ముల్లు బాగా కిందికి ఉంది. పక్క ఫ్యాక్టరీలో మోటార్లు వేసినట్టున్నారు. ఇది కరెంటు దోషం. బోర్డుది కాదు. లెక్కలోకి తీసుకోలేదు.

17 ఏప్రిల్

బల్లను కూలర్ ముందుకు జరిపాను. ఎండ నలభై రెండు ఉంది, చెమటకు పని సాగడం లేదు. మెషిన్ ఆగలేదు.

18 ఏప్రిల్

సాయంత్రం నాలుగుకు ఆగింది. కూలర్‌లో నీళ్లు అయిపోయి వేడి గాలి కొట్టింది. ఇది కూడా లెక్కలోకి రాదు. నీళ్లు పోయించి మళ్లీ మొదలుపెట్టాను.

20 ఏప్రిల్

రిపోర్టు. నేను చెప్పాను, విజయకుమారి టైపు చేసింది. బోర్డు పేరు, వేగం, వోల్టేజీ, పది రోజుల పరీక్ష. చివర "ఆగిన సార్లు" అన్న గడి దగ్గర ఆమె వేళ్లు ఆపింది.

"రెండనాల్నా అన్నా?"

"సున్నా."

"నేను చూసిన గద. ఒకటైతే నేనే చెప్పిన నీకు."

"అది కరెంటు లేక ఆగింది. ఇంకోటి వేడికాగింది. బోర్డు ఆగలే."

"బొల్లారంల కరెంటు తక్కువ గాదా? ఆడ వేడుండదా?"

"నువ్వు టైపు చెయ్యి విజయా. పరీక్ష నేను చేసిన."

ఆమె సున్నా కొట్టింది. సేటు చదవకుండానే సంతకం పెట్టాడు.

నిన్న నేను ఆమెకు బయాస్ పేజీ తెరవడం, వోల్టేజీ పెంచడం అన్నీ నేర్పాలనుకున్నాను. ఇక నేర్పను.

2 మే, బుధవారం

ఆరు మెషిన్లూ కంపెనీ కంట్రోల్ రూములో పెట్టాను. ఒక్కో రియాక్టర్‌కు ఒక్కోటి. గదిలో ఫ్యాను ఉంది, కూలర్ లేదు. ప్లాంట్ మేనేజర్ నరసరాజు గారు భీమవరం వైపు మనిషి. వెనక చేతులు కట్టుకుని, నేను తెరలు మారుస్తుంటే చాలాసేపు చూశారు.

"ఏవయ్యా, బాగానే పరిగెడుతోందే గీత. ఇన్నాళ్లూ చూపించినవాళ్లవన్నీ నత్తల్లా నడిచేవి. ఏం చేశావ్?"

"బోర్డు మంచిది సార్. నేనే సెలెక్ట్ చేసిన."

"ఒక నెల ఇలాగే నడవనీ. జూన్ ఒకటిన నీ ఉద్యోగం ఆర్డర్ ఇప్పిస్తా. ఇక మావాళ్లకి ఆ మెట్లెక్కే పని తప్పింది."

8 మే

బావ ఇంకా మెట్లెక్కుతున్నాడు. మిగతావాళ్లందరూ మానేశారు. మూడో నంబర్ రియాక్టర్ బావది. పావుగంటకోసారి కుర్చీలోంచి లేచి, పైకి పోయి మీటరు చూసి, వచ్చి తెర చూసి, "సరిగనే చెప్తుంది" అంటాడట. అందరూ నవ్వుతారట.

నరసరాజు గారు నన్ను అడిగారు. "మీ బావకే నీ మెషిన్ మీద నమ్మకం లేదా ఏంటయ్యా?"

9 మే

ఈ రోజు నేరుగా కంట్రోల్ రూముకు పోయాను. బావ అప్పుడే మెట్లు దిగి తువ్వాలతో మెడ తుడుచుకుంటున్నాడు. నలుగురు ఆపరేటర్లు ఉన్నారు.

"బావా, తెర మీద ఎంతున్నది?"

"అరవై మూడు."

"మీద మీటరు ఎంతున్నది?"

"అరవై మూడే."

"వారం సంది ఎక్కుతున్నవ్. ఎన్నడన్న తేడా వచ్చిందా?"

"రాలే."

"మరెందుకు ఎక్కుతున్నవ్? నా ఇజ్జత్ తీసేటందుకా? మేనేజర్ సారు నన్నడుగుతున్నడు, నీ బావనే నమ్మకపాయె, మేమెట్ల నమ్మాలె అని. నీకు సదువు రాదంటే నాకు సిగ్గు లేదు. సదువు రాదని నా మిషిన్ తప్పంటే సిగ్గు."

వాళ్లలో ఒకడు నవ్వాడు. బావ తువ్వాల భుజాన వేసుకున్నాడు.

"తప్పని నేనెప్పుడన్న రా? అలవాటు, గంతే."

"అలవాటు మానుకో. ఇగ ఎక్కకు."

"సరే తియ్" అన్నాడు.

ఇంట్లో ఈ విషయం ఎత్తలేదు. అక్క ఎప్పటిలాగే అన్నం పెట్టింది. బావ నాతో ఒక్క పరాచికం కూడా ఆడలేదు. ప్రశాంతంగా ఉంది.

11 మే

బావ మెట్లెక్కడం మానేశాడు.

15 మే, మంగళవారం

ఐదో నంబర్ మెషిన్ ఆగిందని ఫోన్ వచ్చింది. పోయి చూస్తే సాయంత్రం నాలుగింటికి ఆగి ఉంది. డబ్బా మీద చేయి పెడితే కాలింది. రీసెట్ నొక్కాను, నడిచింది. ఆ రియాక్టర్ ఈ వారం ఖాళీగా ఉంది కాబట్టి ఏమీ కాలేదు. ఆపరేటర్‌కు చెప్పాను, ఇలాంటి చిన్న విషయాలు మేనేజర్ దాకా పోనివ్వవద్దని.

బయాస్‌లోకి పోయి 66 పెట్టేయడానికి రెండు నిమిషాలు చాలు. కాని గీత మళ్లీ ఈడుస్తుంది. నరసరాజు గారు వచ్చి ముందు చూసేది గీతనే.

జూన్ ఒకటి దాటనీ. ఆర్డర్ చేతికి వచ్చాక ఆరింటినీ తగ్గిస్తాను. పదిహేడు రోజులు.

19 మే

ఎండ నలభై నాలుగు. ఏ మెషిన్ కూడా ఆగలేదు, ఆగినట్టు ఎవరూ చెప్పలేదు.

22 మే, మంగళవారం

ఐదు గంటలకు షాపుకు ఫోన్ వచ్చింది. కంపెనీ జీపు పంపారు. ఐదు ఇరవైకి చేరాను.

మూడో నంబర్ రియాక్టర్ మూత అంచును బిగించే గ్యాస్కెట్ పగిలి మరుగుతున్న ద్రవం బయటికి కొట్టింది. నాలుగు ఇరవైకి. జనమంతా అటే ఉన్నారు. కంట్రోల్ రూములో ఎవరూ లేరు.

మూడో నంబర్ తెర మీద 64 ఉంది. మూలన గడియారం 3:38. గోడ మీద 5:25.

తలుపు మూశాను. రీసెట్ నొక్కాను. బయాస్‌లో 66 పెట్టాను, వోల్టేజీ 1.5 చేశాను. తక్కిన ఐదింటిని కూడా చేశాను. ఎలాగూ చేయాలనుకున్న పనే. పది రోజులు ముందు చేశాను.

ప్రోగ్రాం ఐదు నిమిషాలకొక లెక్క ఒక ఫైలులో రాసుకుంటుంది. 3:35 తర్వాత ఏమీ లేదు. అంత ఖాళీ కనబడితే బాగుండదు. 3:40 నుంచి నేనే నింపాను. 65, 66, 68, 71, 73, 77, 81, 86. 4:20 తర్వాత ఖాళీ వదిలాను, అప్పుడు మెషిన్ ఆపేశారనుకుంటారు. 3:55 దగ్గర కూత పెట్టినట్టు కూడా రాశాను. రియాక్టర్ ఆ లెక్కన వేడెక్కి ఉంటుంది. నిజానికి దగ్గరగానే ఉంటుంది.

ఇదంతా అయ్యాక బయటికి వచ్చి ఎవరికి తగిలిందని అడిగాను. మధ్యాహ్నం షిఫ్టులో మూడో నంబర్ మీద ఎవరుంటారో నాకు తెలుసు.

23 మే

హైదరాబాద్ ఆస్పత్రి. ముఖం, మెడ, రెండు చేతులు. ఎడమ కన్ను సంగతి చెప్పలేమన్నారు. సుయ్యిమన్న మోత విని పరిగెత్తి ఆవిరి వాల్వు కట్టేయబోయాడట. కట్టేశాడు కూడా. లేకపోతే షెడ్డు మొత్తం పోయేదని మెకానిక్ ఒకడు అన్నాడు.

అక్క వరండాలో నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు. "తమ్మీ, తిన్నవా?" అంది.

24 మే

బావ మాట్లాడుతున్నాడు. పెదవులు సరిగా కదలవు, చెవి దగ్గర పెట్టి వినాలి.

"రామూ, అరవై నాల్గే ఉండెరా. నేను చూస్తనే ఉన్న."

"ఇప్పుడెందుకు బావా, పడుకో."

"రెండుసార్లు లేచిన. ఎందుకో మనసున పట్టలే. మెట్లకాడికి పోయిన. నువ్వు అన్న మాట యాదికొచ్చి మళ్ల కూసున్న. నీ మిషిన్ అరవై నాల్గే చూపెట్టిందిరా."

"ఎనభై ఆరు చూపెట్టింది బావా. కూత గూడ వెట్టింది. ఫైల్ల ఉన్నది."

నా ముఖం వైపు చూశాడు, కుడి కంటితో.

"కూత రాలే."

"నీకు మందు ఇచ్చిండ్రు. యాది ఉండదు" అన్నాను.

25 మే

విజయకుమారి పనికి రావడం లేదు. షాపు బీరువా తాళం వాళ్ల తమ్ముడితో పంపింది. సేటు, "పోతే పోనీ, టైపు చేసేటోళ్లు మస్తు దొరుకుతరు" అన్నాడు.

26 మే, శనివారం

ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మూడో నంబర్ మెషిన్‌ను పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా అతని ఎదుట నడిపించాను. ఎండ నలభై మూడు. మధ్యలో కరెంటు రెండుసార్లు తగ్గింది. మెషిన్ ఆగలేదు. గీత నెమ్మదిగా ఉంది, అతనికి తేడా తెలియదు. నరసరాజు గారు కూడా గీత చూశారు. ఏమీ అనలేదు.

ఫైలు ప్రింటు తీసి ఇచ్చాను. ఇన్‌స్పెక్టర్ వేలితో అంకెల మీద కిందికి గీసుకుంటూ వచ్చాడు.

"ఇరవై నిమిషాలకు పైగా కూత పెడుతుంటే మనిషి లేవలేదా?"

"ప్లాంటులో మోత ఎక్కువండీ" అన్నారు నరసరాజు గారు. "పైగా ఎండాకాలం, తిన్నాక కుర్చీలో కూర్చుంటే కునుకు పట్టదూ? చివర్లో మెలకువొచ్చి పరిగెత్తాడు పాపం. ఏం రాములూ?"

నేను ప్రింటు కాయితాల కొసలు సరిచేస్తున్నాను.

"మెషిన్ అయితే ఆగలేదు సార్" అన్నాను.

"అది నాకు రాతలో కావాలి" అన్నాడు ఇన్‌స్పెక్టర్. రాసి సంతకం పెట్టాను. నేను రాసిందాంట్లో నిద్ర అన్న మాట ఎక్కడా లేదు. మళ్లీ చదివి చూసుకున్నాను.

నరసరాజు గారు జీపు దాకా వచ్చారు. "ఆపరేటర్ తప్పని తేలితే కంపెనీ మీదికి ఏమీ రాదు. అతనికీ పరిహారం ఏమీ రాదనుకో. కానీ నీ ఆర్డర్‌కి అడ్డేం లేదు" అన్నారు.

28 మే

ఎడమ కన్ను పోయింది.

30 మే

వరండాలో అక్క నా చొక్కా కొస పట్టుకుంది.

"తమ్మీ, కంపెనీ నుంచి ఎవలో వచ్చి నిద్రపోయిండని చెప్పిపోయిండ్రు. ఆయన అట్ల పండుకునే మనిషి గాడు. ఇరవై ఏండ్లల ఒక్కనాడు డ్యూటీల కన్ను మూయలే. ఆ మిషిన్లు నువ్వు పెట్టినవి. నీకెరుక ఉంటది. నువ్వు చెప్పు. నువ్వేది చెప్తే అది నమ్ముత."

ఆమె అంత గట్టిగా పట్టుకోకుండా ఉంటే ఏం చెప్పేవాడినో తెలియదు.

"పండుకొని ఉంటడక్కా. ఎండకు."

చొక్కా వదిలేసింది. తర్వాత లేచి లోపలికి పోయింది. తలుపు సందులోంచి ఆమె గొంతు వినబడుతోంది. ఆమె బావతో అలా మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు.

"ముగ్గురు పిల్లలున్నరని యాదికి రాలేదా నీకు? పండుకొని, పైగా తప్పు నా తమ్ముని మిషిన్ మీద పెడ్తవా? వాడు అబద్ధమాడ్తడా నాతోని?"



1 జూన్, శుక్రవారం

ఆర్డర్ వచ్చింది. కార్డుకు ఫోటో దిగాను.

4 జూన్

కంపెనీ బస్సులో మొదటి రోజు. కిటికీ పక్కన సీటు దొరికింది. ఆరు మెషిన్లూ బాగున్నాయి. నరసరాజు గారు మూడో నంబర్ మీద ఆపరేటర్‌ను మార్చారు. కొత్తవాడు మెట్లెక్కి మీటరు చూసొస్తున్నాడు. నేను ఏమీ అనలేదు.

బోర్డు విషయంలో నా అభిప్రాయం మారలేదు. ఈ ధరలో ఇంతకంటే మంచిది లేదు.

10 జూన్, ఆదివారం

ఆస్పత్రికి వెళ్లాను. వారం రోజులుగా వెళ్లలేదు, కొత్త ఉద్యోగం కదా. అక్క మందులకు పోయింది. బావ ఒక్కడే ఉన్నాడు. చేతుల కట్లు మార్చినట్టున్నారు, తెల్లగా ఉన్నాయి. కుడి కన్ను తెరిచే ఉంది.

"రామూ, వచ్చినవా. కూసో."

స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఇన్ని దినాలు పండుకొని ఆలోచన చేసిన. అందరు ఒకటే మాట చెప్తున్నరు. మీ అక్క గూడ. నువ్వు గూడ అంటివి. ఇంతమంది అబద్ధం చెప్తరా?" ఊపిరి తీసుకున్నాడు. "నేను లేచి మెట్లకాడికి పోయిన అంటి గద. రెండుసార్లు. అది కలేమో. కుర్సీల కూసోనే కలగన్ననేమో."

నేను నీళ్ల గ్లాసు నోటి దగ్గర పెట్టాను. రెండు గుక్కలు తాగాడు, మిగతావి గడ్డం మీదుగా కారాయి. తువ్వాలతో తుడిచాను.

"కూత వినరాలేదంటి. నిద్రల ఉంటే ఎట్ల వినొస్తది." మళ్లీ ఆగాడు. "నీ మిషిన్ మీద మాట రానిచ్చిన రా. కొత్త నౌకరి. మనసుల పెట్టుకోకు."

"పరవాలేదు బావా" అన్నాను.